ఈ నంబర్ కొలిచిందా, ఎంచుకున్నదా? క్లైమేట్ రీసెర్చ్ మీద ఒక ప్రసంగం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

నాకిచ్చిన టాపిక్ పరిశోధన నుంచి పాలసీ దాకా అని. ఇది వింటే మనకి ఏమనిపిస్తుందంటే, ముందు సైంటిస్టులు కూర్చుని లెక్క తేలుస్తారు, రిపోర్టు రాసి ప్రభుత్వాల చేతిలో పెడతారు, వాళ్లు చదివి చట్టాలు చేస్తారు, అంతే కదా. కానీ క్లైమేట్ విషయంలో ఈ వరస చాలాసార్లు తలకిందులుగా నడిచింది. 1.5 డిగ్రీలనే తీసుకోండి, పరిశ్రమలు రాకముందుకంటే భూమి సగటు వేడి ఎంత పెరగొచ్చు అన్న హద్దు అది. రోజూ పేపర్లో చూస్తుంటారు, 1.5 దాటకూడదు అని. ఇది ల్యాబ్‌లో తేలిన నంబర్ అనుకుంటారు చాలామంది. కాదండి. సముద్రం పెరిగితే మా దేశాలే ఉండవు అని చిన్న ద్వీప దేశాలు పట్టుబట్టి చర్చల్లోకి తెచ్చిన నంబర్ అది. 2009లో కోపెన్‌హాగన్‌లో గట్టిగా అడిగారు, పెద్ద దేశాలు 2 దగ్గరే ఆగాయి, 2010లో కాంకూన్‌లో సరే 1.5 సంగతి తర్వాత రివ్యూ చేద్దాం అన్నారు, చివరికి 2015లో పారిస్ ఒప్పందంలోకి ఎక్కింది. అప్పుడేం చేశారు? క్లైమేట్ సైన్స్ మీద రిపోర్టులు రాసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీని పిలిచి, అయ్యా మేం 1.5 అని రాసుకున్నాం, 1.5కీ 2కీ తేడా ఏంటో, అక్కడ ఆగాలంటే ఏం చెయ్యాలో ఒక రిపోర్టు రాసిపెట్టండి అని అడిగారు. ఆ రిపోర్టు 2018లో వచ్చింది. అంటే నంబర్ ముందొచ్చింది, దాని మీద రీసెర్చ్ తర్వాతొచ్చింది.

ఇది తప్పని నేను అనట్లేదు, అది ముందే చెప్తున్నా. నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. క్లైమేట్ గురించి ఏ నంబర్ కనపడినా, అందులో కొలిచింది ఎక్కడ ఆగింది, ఎవరో ఒకరు ఎంచుకున్నది ఎక్కడ మొదలైంది అని చూడాలి. రెండూ ఒకే వాక్యంలో, ఒకే డెసిమల్ పాయింట్‌తో కూర్చుని ఉంటాయి, చూడ్డానికి తేడా తెలీదు. అది తెలియకపోతే రెండు రకాలుగా మోసపోతాం, ఒకటి, కొలిచినదాన్ని కూడా ఎవరిదో అభిప్రాయంలే అని కొట్టిపారేస్తాం, రెండోది, ఎంచుకున్నదాన్ని సైన్స్ చెప్పింది కాబట్టి నోరెత్తకూడదు అనుకుంటాం. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. రెండోదాని గురించి మనలాంటి వాళ్లు తక్కువ మాట్లాడతాం, ఎందుకంటే అది మన ఇంటి గుట్టు. (నవ్వులు)

ముందు గట్టి నేల మీద నిలబడదాం. భూమి వేడెక్కుతోంది, మనుషుల వల్లే వేడెక్కుతోంది అన్నది నిన్నా మొన్నా పుట్టిన మాట కాదు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో రకరకాల గాలి నింపి ఎండలో పెట్టింది, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికీ ఎక్కువ టైమ్ పట్టింది. ఈ వాయువు గాలిలో ఎక్కువైతే భూమి వేడెక్కుతుంది అని అప్పుడే రాసింది. ఆవిడ పేపర్‌ని మీటింగ్‌లో చదివింది కూడా ఆవిడ కాదు, జోసెఫ్ హెన్రీ చదివిపెట్టారు. ఆ తర్వాత అందరూ మర్చిపోయారు. మళ్లీ 2011లో రిటైరైన ఒక పెట్రోలియం జియాలజిస్ట్ పాత పుస్తకాల్లో చూసి బయటకి తీశాడు, పెట్రోలియం వాళ్ల వల్ల క్లైమేట్ సైన్స్‌కి జరిగిన మేలుల్లో ఇదొకటి అనుకోండి. ఫుట్ చేసిన ప్రయోగంలో ఎండ వేడినీ, భూమి నుంచి పైకి వెళ్లే ఇన్‌ఫ్రారెడ్ వేడినీ విడదీసే వీలు లేదు, అది 1859 నుంచి జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త చేశాడు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ చేత్తో లెక్కలు వేసి, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 5, 6 డిగ్రీలు పెరుగుతుంది అన్నాడు. కాస్త ఎక్కువ చెప్పాడు గానీ, కంప్యూటర్ లేని రోజుల్లో అంత దగ్గరగా రావడం మామూలు విషయం కాదు.

ఇక కీలింగ్ దగ్గర కాస్త ఆగుతా, ఎందుకంటే ఇక్కడ రీసెర్చ్ స్కాలర్లు చాలామంది ఉన్నారు, ఫండింగ్ కష్టాలు మీకు నేను చెప్పక్కర్లేదు. చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చిలో హవాయిలో మౌనా లోవా పర్వతం మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. మొదట వచ్చిన కొలత దాదాపు 313 పీపీఎం, అంటే పది లక్షల గాలి అణువుల్లో 313. ఇప్పుడు 420 దాటేశాం. పరిశ్రమలు రాకముందు 280 ఉండేది, అది మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగల్ని కొలిచి తెలుసుకున్నారు. ఇంత ముఖ్యమైన గ్రాఫ్ కదా, దాంట్లో 1964లో కొన్ని నెలలు ఖాళీ ఉంటుంది, గమనించారా ఎప్పుడైనా? బడ్జెట్ కోతలు. అంతే. డబ్బుల్లేక మెషిన్ ఆగింది. రోజూ అదే కొలత కొలవడం రొటీన్ పని, రీసెర్చ్ కాదు అని ఫండింగ్ ఇచ్చేవాళ్లు అనేవారు, ఆయన జీవితమంతా ఈ మాటతోనే కొట్లాడాడు. కొత్త విషయం కనిపెట్టు అంటారు, అరే బాబూ, అరవై ఏళ్లు ఒకే చోట నిలబడి కొలిస్తే గానీ కనపడని కొత్త విషయం ఇది. 2022 నవంబర్‌లో మౌనా లోవా అగ్నిపర్వతం పేలి కరెంటు, రోడ్డు రెండూ పోయాయి, అప్పుడు పక్కనున్న మౌనా కియా మీదకి మార్చి కొలిచారు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, కొలత అన్నది దానంతటదే రాదు, ఎవరో ఒకరు పట్టు వదలకుండా నిలబెడితేనే ఉంటుంది.

సరే, పెరిగిన కార్బన్ మనదే అని ఎలా తెలుసు? ఐసోటోపుల వల్ల, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల వల్ల. బొగ్గు, ఆయిల్ కోట్ల ఏళ్ల కిందటి మొక్కల నుంచి వచ్చినవి, వాటిలో కార్బన్-14 మిగల్లేదు, కార్బన్-13 కూడా తక్కువ. గాలిలో ఆ రెండింటి వాటా పడిపోతూ వస్తోంది. ఇంకో గుర్తు ఏంటంటే, సూర్యుడి వల్లే వేడి పెరిగితే పైనున్న గాలి పొర స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి, కానీ అది చల్లబడుతోంది, కింద మాత్రం వేడెక్కుతోంది. ఇలా అవుతుందని 1967లోనే మనాబే, వెదరాల్డ్ అనే సైంటిస్టులు కంప్యూటర్ మోడల్‌లో చూపించారు, కొలతలు ఆ తర్వాత వచ్చాయి. మనాబేకి 2021లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు, కాస్త లేటుగానే.

మోడల్స్ అనగానే ఒక డౌట్ వస్తుంది, రేపటి వాన సరిగ్గా చెప్పలేరు, 2100 గురించి చెప్తారా అని. న్యాయమైన డౌటే. దీన్ని టెస్ట్ చేశారు. 1970 నుంచి 2007 దాకా వచ్చిన 17 పాత అంచనాల్ని తీసుకుని, తర్వాత నిజంగా జరిగినదాంతో పోల్చి 2020లో హౌస్‌ఫాదర్, ఇంకొందరు ఒక పేపర్ రాశారు. 17లో 10 నేరుగా సరిపోయాయి. కానీ నాకు నచ్చింది రెండో లెక్క. పాత మోడల్ తప్పు చెప్పినప్పుడు తప్పు ఎక్కడుంది? వాతావరణం ఎలా స్పందిస్తుంది అన్న ఫిజిక్స్‌లోనా, లేక మనుషులు ఎంత పొగ వదుల్తారు అన్న ఊహలోనా? రెండోదాన్ని సరిచేసి చూస్తే 17లో 14 సరిపోయాయి. 1988లో నాసా సైంటిస్ట్ హాన్సెన్ మోడల్ చూపించిన వేడి వాస్తవం కంటే ఎక్కువే, ఇది పట్టుకుని ఇప్పటికీ వెక్కిరిస్తుంటారు. ఆయన సీఎఫ్‌సీలు (ఫ్రిజ్‌ల్లో వాడిన వాయువులు), మీథేన్ ఎక్కువ పెరుగుతాయి అనుకున్నాడు, ఓజోన్ పొరని కాపాడే మాంట్రియల్ ప్రోటోకాల్ వల్ల సీఎఫ్‌సీలు అంత పెరగలేదు. అంటే ఒక పాలసీ పనిచేసింది కాబట్టి మోడల్ తప్పినట్టు కనపడింది! ఫిజిక్స్ కంటే మనుషుల్ని ఊహించడమే కష్టం, ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని పని పడుతుంది.

అలాగని ఫిజిక్స్‌లో అన్నీ తేలిపోయాయి అని కూడా కాదు. కార్బన్ రెట్టింపైతే ఎంత వేడి అన్న ప్రశ్నకి 1979లో చార్నీ అనే సైంటిస్ట్ నడిపిన అమెరికన్ కమిటీ 1.5 నుంచి 4.5 అంది. ఈ రేంజ్ ఎలా వచ్చిందో తెలుసా? అప్పటికి ఉన్నవి రెండు మోడల్స్, మనాబేది 2 చూపిస్తోంది, హాన్సెన్‌ది 4 చూపిస్తోంది, ఇటో అర డిగ్రీ అటో అర డిగ్రీ కలిపారు. (నవ్వులు) నవ్వొస్తుంది గానీ ఆ రేంజ్‌ని కదిలించడానికి నలభై ఏళ్లు పట్టింది. ముఖ్యంగా మేఘాల వల్ల. 2021లో ఐపీసీసీ 2.5 నుంచి 4, మధ్యలో 3 అంది. ఆ టైమ్‌కి వచ్చిన కొత్త మోడల్స్‌లో కొన్ని 5 దాటి చూపించాయి, అవి గడిచిన శతాబ్దపు కొలతలతో సరిపోవట్లేదని, ఐపీసీసీ వాళ్లు మోడల్స్ అన్నిటినీ కలిపి సగటు తీసెయ్యకుండా, పాత క్లైమేట్ ఆధారాలు, కొలతలు అన్నీ కలిపి అంచనా వేశారు. మీలో ఎవరైనా మోడల్ డేటా డౌన్‌లోడ్ చేసి అన్నిటికీ సగటు తీసేసి పేపర్ రాసేద్దాం అనుకుంటుంటే ఒక్క నిమిషం ఆగండి.

ఇప్పుడు కార్బన్ బడ్జెట్, అంటే ఒక హద్దు దాటకుండా ఇంకా ఎంత కార్బన్ డయాక్సైడ్ వదలొచ్చు అన్న లెక్క. నాకు చాలా ఇష్టమైన టాపిక్, చాలా చిరాకు తెప్పించే టాపిక్ కూడా. 2009 ప్రాంతంలో చాలా గ్రూపులు దాదాపు ఒకేసారి ఒక విషయం కనిపెట్టాయి. వేడి అనేది ఈ ఏడాది ఎంత వదిలాం అన్నదాని మీద కాదు, ఇప్పటిదాకా మొత్తం కలిపి ఎంత వదిలాం అన్నదాని మీద ఆధారపడుతుంది, అదీ దాదాపు సరళరేఖలో. ప్రతి 1000 గిగాటన్నుల (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 0.45 డిగ్రీ. కుళాయి కింద బిందె పెట్టాం అనుకోండి, ధార సన్నం చేస్తే బిందె ఖాళీ అవదు, నిండటం ఆలస్యమవుతుంది, అంతే. అందుకే నెట్ జీరో, అంటే వదిలేదీ వెనక్కి తీసేదీ సమానం కావాలి అన్న మాట వచ్చింది, అది ఎవరో ఎన్జీవో వాళ్లు కనిపెట్టిన స్లోగన్ కాదు, ఈ సరళరేఖ నుంచి వచ్చింది.

ఇంతవరకూ కొలిచిందే. ఇక్కడి నుంచి చూడండి ఏమవుతుందో. 1.5 దగ్గర ఆగాలంటే ఇంకా ఎంత మిగిలింది? ఐపీసీసీ 2021 రిపోర్టులో, 2020 మొదలు నుంచి లెక్కేస్తే, 500 గిగాటన్నులు. పేపర్లలో ఈ 500 ఒక్కటే వచ్చింది. కానీ టేబుల్ తెరిచి చూస్తే 500 అనేది 50 శాతం ఛాన్సుకి. అంటే బొమ్మా బొరుసా. 67 శాతం కావాలంటే 400, 83 శాతం కావాలంటే 300. ఏడాదికి 40 గిగాటన్నులు వదుల్తున్నాం కాబట్టి 500కీ 300కీ తేడా అయిదేళ్లు. ఇందులో ఏది కరెక్టు? ఏదీ కరెక్టు కాదు, ఏదీ తప్పు కాదు, ఎంత రిస్క్ తీసుకుంటారో మీరు చెప్పాలి, ఫిజిక్స్ చెప్పదు. విమానం ఎక్కేవాడికి 50 శాతం సరిపోదు కదా. ఆ 50 ఎవరు ఎంచుకున్నారు, ఎక్కడ చర్చ జరిగింది అని వెతికితే, పెద్దగా ఎక్కడా జరగలేదు, వాడుకలోకి వచ్చేసింది.

ఇంకో చిక్కు ఉంది. 1850 నుంచి 2019 దాకా మనం వదిలింది 2390 గిగాటన్నులు, అందులోనే 240 అటూ ఇటూ. మిగిలిన బడ్జెట్ అంటే మొత్తం వదలగలిగేదీ, ఇప్పటికే వదిలిందీ, ఈ రెండు పెద్ద నంబర్ల మధ్య మిగిలే చిన్న ముక్క. పెద్ద నంబర్ కాస్త కదిలితే చిన్న ముక్క సగానికి సగం పోతుంది. మీథేన్, ఏరోసాల్స్ (గాలిలో తేలే సన్నటి కణాలు) సంగతి మార్చితే ఇంకో 220 అటూ ఇటూ పోతుంది. అదే జరిగింది కూడా, 500లోంచి అయిదేళ్ల ఖర్చు 200 తీస్తే 300 ఉండాలి కదా, కానీ 2025 మొదటికి కొత్త అంచనా దాదాపు 130 అని వచ్చింది. ఎవరూ దొంగలెక్క రాయలేదు, ఏరోసాల్స్ అంచనా, అప్పటిదాకా పెరిగిన వేడి అంచనా అప్‌డేట్ అయ్యాయి అంతే. కానీ మామూలు మనిషికి ఏమనిపిస్తుంది, వీళ్లు ఏడాదికో మాట మారుస్తారు అనిపిస్తుంది. మొదటిరోజే ఆ అటూ ఇటూని నంబర్ పక్కనే పెట్టి చెప్తే ఈ తలనొప్పి సగం తగ్గేది, నా ఉద్దేశంలో.

2 డిగ్రీల కథ ఇంకా బావుంటుంది. 1970ల్లో నార్డ్‌హౌస్ అనే ఎకనామిస్ట్, గత కొన్ని లక్షల ఏళ్లలో భూమి చూసిన వేడి రేంజ్ దాటకపోతే మంచిదేమో అని ఒక ఉజ్జాయింపు లెక్క వేసి 2 డిగ్రీల చుట్టూ మాట్లాడాడు, ఈ పద్ధతి అంత తృప్తిగా లేదని ఆయనే రాసుకున్నాడు కూడా. 1996లో యూరోపియన్ యూనియన్ అదే 2ని టార్గెట్‌గా పెట్టుకుంది, తర్వాత కోపెన్‌హాగన్, కాంకూన్, అలా అలా ప్రపంచం మొత్తానిదీ అయింది. మరి అదే నార్డ్‌హౌస్ 2018లో ఎకనామిక్స్ నోబెల్ తీసుకుంటూ ఇచ్చిన లెక్చర్‌లో ఆయన మోడల్, డైస్ అంటారు దాన్ని, అది ఆప్టిమల్, అంటే ఖర్చూ నష్టమూ కలిపి చూస్తే బెస్ట్ అని చూపించిన దారి 2100కి దాదాపు 3.5 డిగ్రీలు! ఆయనకి నోబెల్ ప్రకటించిన రోజే ఐపీసీసీ 1.5 రిపోర్టు కూడా వచ్చింది. ఒకేరోజు పేపర్లో రెండు వార్తలు, ఒకటి 1.5 దాటితే ప్రమాదం అంటుంది, ఇంకోటి 3.5 ఎకనామికల్‌గా బెస్ట్ అన్నాయనకి నోబెల్ ఇస్తుంది.

ఇంత తేడా ఎలా వచ్చిందంటే డిస్కౌంట్ రేటు. ఇది కాస్త ఓపిగ్గా వినండి, ఎందుకంటే పాలసీ రీసెర్చ్‌లో గొడవలన్నీ చివరికి ఇక్కడికే వచ్చి చేరతాయి. వందేళ్ల తర్వాత ఎవరికో 100 యూనిట్ల నష్టం జరుగుతుంది. దాన్ని ఆపడానికి ఈరోజు మనం ఎంత ఖర్చు పెట్టొచ్చు? వడ్డీ లెక్కని వెనక్కి తిప్పడమే. 1.4 శాతం రేటు అయితే ఈరోజు 25 యూనిట్లు పెట్టడం సబబు. 4 శాతం అయితే 2 యూనిట్లు. అంతే, ఒక్క రేటు మార్చగానే 25 కాస్తా 2 అయిపోయింది. 2006లో ఎకనామిస్ట్ స్టెర్న్ బ్రిటన్ ప్రభుత్వానికి రాసిన రివ్యూ 1.4 వాడింది, పుట్టబోయేవాళ్ల సుఖం మన సుఖంతో దాదాపు సమానం అన్న ఉద్దేశంతో. నార్డ్‌హౌస్ మార్కెట్లో కనపడే రేట్లకి దగ్గరగా ఉండాలన్నాడు. ఇద్దరూ లెక్క కరెక్టుగానే చేశారు. స్టెర్న్ వెంటనే తగ్గించాలన్నాడు, నార్డ్‌హౌస్ మెల్లగా పోదాం అన్నాడు. 2020లో ఒక గ్రూపు ఇదే డైస్ మోడల్‌ని తీసుకుని, కార్బన్ సైకిల్ భాగం, నష్టాల అంచనా అప్‌డేట్ చేసి, డిస్కౌంటింగ్ విషయంలో నిపుణుల సర్వేలో వచ్చిన రేట్లు పెట్టి మళ్లీ నడిపితే, పారిస్ టార్గెట్ ఆప్టిమల్ అని వచ్చింది. అదే మోడలండి.

దీని ప్రభావం కాగితాల మీదే ఆగిపోతుందనుకోకండి. అమెరికాలో సోషల్ కాస్ట్ ఆఫ్ కార్బన్ అని ఒకటి ఉండేది, ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలితే ప్రపంచానికి ఎంత నష్టం అని, దాన్ని రూల్స్ రాసేటప్పుడు వాడేవారు. ఒబామా హయాంలో 40 డాలర్లకి అటూ ఇటూ. ట్రంప్ మొదటిసారి వచ్చాక 1 నుంచి 7 డాలర్ల మధ్యకి దిగింది. బైడెన్ వచ్చాక 51, తర్వాత 2023లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 190 అంది. ఈ మధ్యలో వాతావరణం ఏమీ మారిపోలేదు. ట్రంప్ వాళ్లు రెండు పనులు చేశారు, అమెరికా లోపల జరిగే నష్టం మాత్రమే లెక్కపెట్టారు, డిస్కౌంట్ రేటు 7 శాతం దాకా వాడారు. 2023లో నష్టాల మీద కొత్త స్టడీలు కలిపారు, రేటు 2 శాతానికి దించారు. అంటే బయట దేశాల మనుషులు లెక్కలోకి వస్తారా, రేపు పుట్టేవాళ్లు ఎంత లెక్క, ఈ రెండు ప్రశ్నలకి జవాబు మారింది. ఇవి ఓటర్లు తేల్చాల్సిన ప్రశ్నలు, కానీ టెక్నికల్ అపెండిక్స్‌లో దాక్కుని ఉంటాయి, ఓటరు ఎవరూ అది చదవరు.

సినారియోల్లోనూ, అంటే భవిష్యత్తు ఇలా ఉంటే అని వేసే ఊహా దారుల్లోనూ ఇదే దాగుడుమూత. 2 డిగ్రీల లోపు ఆగే దారులు అని 2014 ఐపీసీసీ రిపోర్టులో ఇచ్చినవాటిలో, ఆ కేటగిరీలోని 116 దారుల్లో 101 ఈ శతాబ్దం రెండో సగంలో నెట్ నెగటివ్ అవుతాయి, అంటే వదిలేదానికంటే ఎక్కువ గాలిలోంచి వెనక్కి లాగుతాం అని. ఏ టెక్నాలజీతో? మొక్కలు పెంచి, తగలబెట్టి కరెంటు తీసి, వచ్చిన కార్బన్‌ని భూమిలో పాతిపెట్టడం లాంటివాటితో. అప్పటికి అది ఆ స్కేల్‌లో ఎక్కడా లేదు. మరి మోడల్ ఎందుకు అంతగా మోజుపడింది? డిస్కౌంట్ రేటు వల్లే, 2070లో పెట్టే ఖర్చు ఈరోజుకి చవగ్గా కనపడుతుంది. 2016లో కెవిన్ ఆండర్సన్, గ్లెన్ పీటర్స్ సైన్స్ జర్నల్‌లో దీన్ని గట్టిగానే ఎత్తిచూపారు. ఇంకోవైపు అదే మోడల్స్ సోలార్‌ని తక్కువ అంచనా వేశాయి, 2010 నుంచి 2019లోపు సోలార్ ఖర్చు 85 శాతం పడిపోయింది, మోడల్స్ అంత వేగం ఊహించలేదు. లేని టెక్నాలజీని ఎక్కువ నమ్మి, కళ్లెదుట పెరుగుతున్నదాన్ని తక్కువ నమ్మాయి.

ఐపీసీసీ గురించి ఒక్క మాట. 2021 మొదటి భాగానికి 234 మంది రచయితలు, 14,000కి పైగా పేపర్లు, 78 వేల రివ్యూ కామెంట్లు. మొత్తం రిపోర్టు సైంటిస్టులే రాస్తారు, కానీ పాలసీవాళ్ల కోసం రాసే సమ్మరీని ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని వాక్యం వాక్యం ఒప్పుకోవాలి. రచయితలు ఇది సైన్స్‌కి విరుద్ధం అంటే ఆ వాక్యం రాయడానికి వీల్లేదు, అది మంచి రూల్. కానీ ఉన్నదాన్ని తీసెయ్యొచ్చు. 2014లో, కార్బన్ తగ్గించే మార్గాల మీద రాసే మూడో గ్రూపు సమ్మరీలో, దేశాల్ని ఆదాయం ప్రకారం గ్రూపులుగా పెట్టి ఎవరి ఎమిషన్లు ఎంత పెరిగాయో చూపే గ్రాఫులు ఉండేవి. అవి ఎగిరిపోయాయి. లోపలి పెద్ద రిపోర్టులో ఉన్నాయి, సమ్మరీలో లేవు. డేటా తప్పని ఎవరూ అనలేదు, ఎవరి వంతు ఎంత అన్న బేరసారాల్లో తమకి దెబ్బ తగులుతుందని భయం. రచయితల్లోనే కొందరు తర్వాత బహిరంగంగా రాశారు దీని గురించి. నేనైతే దీన్ని కుట్ర అనను. ప్రభుత్వాలు సంతకం పెట్టిన కాగితం కాబట్టే ఆ సమ్మరీకి చర్చల్లో అంత బలం ఉంది, ఆ బలానికి కట్టిన ఖరీదు ఇది. కాకపోతే మీరు స్టూడెంట్లు, సమ్మరీ చదివి ఆగిపోవద్దు, చాప్టర్లు చదవండి.

మరి ఏ పాలసీ పనిచేస్తుందో కొలవలేమా అంటే, కొలవచ్చు, ఇప్పుడిప్పుడే బాగా కొలుస్తున్నారు. 2024లో సైన్స్‌లో వచ్చిన ఒక స్టడీలో 41 దేశాల్లో 1998 నుంచి 2022 దాకా వచ్చిన 1500 పాలసీలు చూశారు, ఎమిషన్లు నిజంగా గట్టిగా పడిపోయిన సందర్భాలు 63 దొరికాయి. ఒక్క సబ్సిడీనో, ఒక్క నిషేధమో పెట్టినవి చాలావరకు పనిచేయలేదు, పన్ను, రూల్స్, సబ్సిడీ కలిపి పెట్టినచోట ఎక్కువ పనిచేశాయి. కార్బన్‌కి ధర పెట్టడం మీద అదే ఏడాది ఇంకో మెటా అనాలిసిస్ (చాలా స్టడీల్ని కలిపి చూసే స్టడీ) వచ్చింది, 21 స్కీముల్లో కనీసం 17 చోట్ల ఎమిషన్లు 5 నుంచి 21 శాతం తగ్గాయి అని, అయితే ఫలితం వచ్చిన స్టడీలే ఎక్కువ అచ్చవుతాయి కదా, ఆ పక్షపాతం సరిచేస్తే 4 నుంచి 15. చూశారా, ఇలా నిజాయితీగా రెండూ చెప్తే నమ్మకం పెరుగుతుంది, తగ్గదు. కానీ ఇలాంటి పనికి డబ్బు ఎంత? 1990 నుంచి 2018 దాకా అన్ని రంగాల రీసెర్చ్ గ్రాంట్లు చూసి ఓవర్‌లాండ్, సోవకూల్ తేల్చింది ఏంటంటే, ఎమిషన్లు తగ్గించడంలో మనుషులు, సమాజం, రాజకీయం వైపు పనికి మొత్తం రీసెర్చ్ ఫండింగ్‌లో 0.12 శాతం వెళ్లింది. ఇందాక చెప్పాను కదా ఫిజిక్స్ కంటే మనుషుల్ని ఊహించడమే కష్టం అని, ఆ కష్టమైన దానికి మనం పెట్టింది ఇంత. మేఘాల మీద ఖర్చు తగ్గించమని కాదు, అది కావాలి, కానీ ఈ 0.12 మాత్రం సిగ్గుపడాల్సిన నంబర్.

సరే, నేనింక ఆపుతా, ప్రశ్నలు తీసుకుందాం.

(ప్రేక్షకుల్లో ఒకరు: సార్, మీరు చెప్పింది బయట వింటే, చూశారా ఇదంతా వాళ్ల ఇష్టానుసారం అని, క్లైమేట్ మార్పే లేదనే డినయల్ వాళ్లు వాడుకోరా?)

వాడుకుంటారు. దాచినా వాడుకుంటారు, దాచారని వాడుకుంటారు. నేను ఎంచుకున్నది అన్న నంబర్లన్నీ ఎంత నష్టాన్ని ఒప్పుకుందాం, ఎవరు భరించాలి అన్నవాటి గురించి. వేడెక్కుతోందా, ఎవరి వల్ల అన్న దాంట్లో డిస్కౌంట్ రేటు లేదు, అక్కడ ఐపీసీసీ 2021లో సందేహమే లేదు అని రాసేసింది. ఎంపిక ఉన్నచోట ఉందని ఒప్పుకుంటేనే, లేనిచోట లేదని మనం అంటే వింటారు.

(ఇంకొకరు: సార్, నా థీసిస్‌కి ఫ్యూచర్ సినారియో ఏది తీసుకోమంటారు? మా గైడ్ ఎమిషన్లు బాగా ఎక్కువుండే ఆర్‌సీపీ 8.5 అనే సినారియో తీసుకో అంటున్నారు, రిజల్ట్ క్లియర్‌గా వస్తుందని.)

(నవ్వులు) గైడ్‌తో గొడవ నాకొద్దమ్మా. కానీ 8.5 అంటే బొగ్గు వాడకం ఈ శతాబ్దంలో దాదాపు అయిదు రెట్లు పెరిగే ప్రపంచం, ఇప్పుడున్న పాలసీలు ఆ దారిలో లేవు, 3 డిగ్రీలకి అటూ ఇటూ దారిలో ఉన్నాయి. హౌస్‌ఫాదర్, పీటర్స్ 2020లో నేచర్‌లో ఇదే రాశారు, దాన్ని ఇలాగే వదిలేస్తే జరిగేది అని చెప్పడం ఆపండి అని. నీ ప్రశ్న ఏంటి? ఒక ప్రాసెస్ వేడికి ఎలా స్పందిస్తుందో చూడాలి, నాయిస్‌లోంచి సిగ్నల్ బయటకి రావాలి అంటే 8.5 వాడొచ్చు, తప్పులేదు. 2050లో ఇంత నష్టం వస్తుంది అని పాలసీవాళ్లకి చెప్పాలంటే మాత్రం మధ్యలో ఉన్న 4.5 లాంటిది మెయిన్‌గా పెట్టు, 8.5ని పక్కన చూపించు. ఏది వాడినా ఎందుకు వాడావో రెండు వాక్యాలు రాయి, అవి మెథడ్స్ మొదటి పేజీలో ఉండాలి, అపెండిక్స్‌లో కాదు.